ఎదురింటి దిష్టి

పైన ధడేల్‌మని ఏదో తెగిన చప్పుడైంది. జానెడు లేచిన షట్టరు మళ్లీ నేలను కరుచుకుంది.

"పోయింది. మళ్ల స్ప్రింగే," అన్నాడు దివాకర్, చేతులకంటిన గ్రీజు లుంగీకి తుడుచుకుంటూ.

షట్టరు లోపల కారుంది. బయట, హాల్ టికెట్ పట్టుకుని అతని భార్య ప్రవళిక ఉంది. కామారెడ్డిలో తొమ్మిదిన్నరకు ఆమెకు టీచరు ఉద్యోగం పరీక్ష. నిమిషం దాటినా లోపలికి రానివ్వరు. వారం నుంచి ఒకటే ముసురు. నాగిరెడ్డిపేట నుంచి ఎల్లారెడ్డి మీదుగా పోయే పొద్దటి బస్సు ఇవాళ రానే లేదు.

"పోయిన నెలనే గద కొత్తది ఏపిచ్చినం," అంది ప్రవళిక. "గ్రీజు పెడుతున్నవా, లేదా?"

"ప్రతి ఐతారం పెడుతున్న. వానకాలం తుప్పు పడతదని ముక్తార్ భాయ్ చెప్పిన కాన్నుంచి డబ్బలకు డబ్బలు పూసిన."

అది నిజమే. పెళ్లిరోజు మరిచిపోయాడు గానీ షట్టరును మాత్రం మరిచిపోలేదు.

అరుగు మీద కూచున్న అతని తల్లి దేవవ్వ లేచి నిలబడింది. "గ్రీజు ఏం జేస్తదిరా? ఇది దిష్టి. ఎదురింటి పోశవ్వ కండ్లు మామూలు కండ్లా? కోడలు టీచరమ్మ అయితదని తెల్సిన కాన్నుంచి మన ఇంటినే చూస్తున్నది."

వానలు మొదలవగానే మొదటి స్ప్రింగు తెగింది. ఆ రోజే దేవవ్వ షట్టరు పైన బూడిద గుమ్మడికాయ కట్టించింది. అది కుళ్లితే సంబరపడింది. "చూడు, ఎంత దిష్టి గుంజిందో," అని ఇంకా పెద్దది కట్టించింది. అది ఇంకా తొందరగా కుళ్లింది. ఇప్పుడు వేలాడుతున్నది మూడోది, అన్నింటికన్నా లావుది. ఎల్లారెడ్డి అంగడంతా వెతికి తెచ్చానని ఆమె భర్త సిద్దిరాములు చెప్పాడు.

దివాకర్ షట్టర్ల మిస్త్రీ ముక్తార్‌కు ఫోన్ చేశాడు.

"వస్త గని తమ్మీ, జర టైం పడతది. అందాక గట్టి మనుషులను చూసి చేతులతోనే లేపుండ్రి. కారైతే బయటికొస్తది," అన్నాడు ముక్తార్.

గట్టి మనుషులు ఎక్కడున్నారు? సిద్దిరాములుకు నడుం నొప్పి. వాడకట్టులో బస్తాలు మోసే ఒడ్డూ పొడుగూ ఉన్నది పోశవ్వ కొడుకులకే. అందరూ దేవవ్వ వైపు చూశారు. ఆమెకు పోశవ్వతో మాటల్లేక రెండు నెలలు దాటింది. దేవవ్వ కోడలి చేతిలోని హాల్ టికెట్ వైపు చూసింది. కొంగు నెత్తిన కప్పుకుని వానలోనే రోడ్డు దాటింది.

"వదినా," అంది, గడప బయటే నిలబడి. "మా షట్టరు పడ్డది. పిల్లకు పరీక్షున్నది. జర పోరగాండ్లను పంపు."

పోశవ్వ కడుగుతున్న బియ్యం గిన్నె పక్కన పెట్టింది. "పంపుడేంది వదినా, నేను గూడ వస్తున్న."

ఒక పక్క పోశవ్వ, ఆమె పెద్దకొడుకు గంగారాం; ఇంకో పక్క దేవవ్వ, పోశవ్వ చిన్నకొడుకు. ముక్కుతూ మూలుగుతూ షట్టరును నడుం దాకా, అక్కణ్నుంచి తల దాకా లేపారు. దివాకర్ వంగి లోపలికి దూరి కారు బయటికి తీశాడు. ప్రవళిక ఎక్కి కూచుంది.

పోశవ్వ షట్టరు కింద నుంచే కేకేసింది. "బిడ్డా, మంచిగ రాయి. మా మనుమరాలికి నువ్వే సదువు చెప్పాలె."

దేవవ్వకు సిగ్గేసింది. షట్టరు దించాక పోశవ్వకు తన చేత్తోనే చాయ్ ఇచ్చింది. చాయ్ అయిపోయినా ఎవరూ కదల్లేదు. ఫోన్ మోగేదాకా అందరి ప్రాణాలూ కామారెడ్డిలోనే ఉన్నాయి.

"గేటు మూస్తుంటే ఉరికింది అవ్వా. లోపలికి పోయింది," అన్నాడు దివాకర్. దేవవ్వ కళ్లు తుడుచుకుంది. పోశవ్వ కూడా తుడుచుకుంది.

అప్పుడొచ్చాడు ముక్తార్. స్టూలెక్కి, స్ప్రింగు చుట్టపైన చేయి పెట్టి తడిమాడు.

"గ్రీజు మంచిగనే పెట్టిండు. గీ ఒక్క తావుల్నే తుప్పు తినేసింది. పైన సజ్జ ఉండంగ గీడికి నీళ్లు యాడికెల్లి వస్తున్నయి కాకా?" అని సిద్దిరాములును అడిగాడు.

సిద్దిరాములు నోరు తెరిచేలోగా ముక్తార్ ముంజేతి మీద చుక్క పడింది. వాసన చూసి మొహం చిట్లించాడు. ఇంకో చుక్క పడింది. అందరూ తలలెత్తారు. సజ్జకు వేలాడుతున్న గుమ్మడికాయ అడుగంతా మెత్తబడి, సరిగ్గా స్ప్రింగు మీదికి కారుతోంది.

దేవవ్వ కొంగుతో మొహం కప్పుకుంది. "తప్పయింది వదినా. అంతా నీ దిష్టే అనుకున్న. ఊకెనే నిన్ను ఆడిపోసుకున్న."

పోశవ్వ ఆ మాటలు వింటే కదా. ఆమె కాయనే చూస్తోంది.

"సిద్దన్నా, గిది మా దొడ్లె కాయ గాదు? 'మా దేవవ్వకు గుమ్మడికాయ పులుసంటే పానం' అని మూడుసార్లు అడిగి తీస్కపోతివి. వదిన తింటదని ఏరి ఏరి పెద్దయి కోసిస్తి."

సిద్దిరాములు ఖాళీ చాయ్ గ్లాసులోకి తొంగి చూశాడు.

దేవవ్వ మొహం మీది కొంగు తీసింది. నడుం నిటారుగా చేసి అందరినీ ఒకసారి కలియజూసింది.

"నేను ముందు నుంచి చెప్తలేనా," అంది, "అంతా ఎదురింట్లకెల్లే వస్తున్నదని."