పావుగంట

"ఇంకొక్కరున్నారు మేడమ్" అన్నాడు డ్రిల్లు మాస్టారు తలుపు దగ్గర నిలబడి.

కౌన్సెలర్ కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకుంది. ఆ మాట పొద్దుటినుంచి ఎన్నిసార్లు విందో ఆవిడకే తెలియదు. చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి ఆవిడ ఒక్కతే. పిల్లలు, పంతుళ్ళు, బస్సు డ్రైవర్లు, అందరి ఒళ్ళూ మనసూ బాగుండేలా చూడటం ఆవిడ ఉద్యోగం. ఆవిడ సంగతి చూసే ఉద్యోగం మాత్రం ఎవరికీ ఇచ్చినట్టు లేరు.

పొద్దున లెక్కల మాస్టారికి బీపీ తగ్గాలంటే ముందు కోపం తగ్గించుకోవాలని చెప్పింది. నా క్లాసులో పిల్లల్ని తగ్గించండి, కోపం దానంతటదే తగ్గుతుంది అన్నాడాయన. తర్వాత హెడ్మాస్టరు వచ్చాడు. నిద్ర పట్టడం లేదని చెబుతూ చెబుతూ కుర్చీలోనే కునుకు తీశాడు. ఆవిడ లేపలేదు. పాపం అనిపించింది, కాస్త కుళ్ళు కూడా పుట్టింది. మధ్యాహ్నం టీచర్లందర్నీ కూర్చోబెట్టి వేళకు తినడం గురించి గొంతు పోయేలా చెప్పింది. ఆవిడ డబ్బా మాత్రం సంచిలోంచి బయటికే రాలేదు.

ఇప్పుడు తల పగిలిపోతోంది.

"పరుగుపందేల్లో మా బడికి ఈ పిల్లే దిక్కు మేడమ్" అన్నాడు డ్రిల్లు మాస్టారు. "పొద్దున అసెంబ్లీలో కళ్ళు తిరిగి పడబోయింది. డబ్బా తినడం లేదట. ఇలాగే ఉంటే జట్టులోంచి తీసెయ్యక తప్పదు."

ఇంకేదో అనబోయి, అనకుండా వెళ్ళిపోయాడు.

పిల్ల లోపలికొచ్చి నిలబడింది. బుగ్గలు పీక్కుపోయాయి. స్వెటరు మధ్య గుండీ ఊడిపోయి దారం వేలాడుతోంది. కౌన్సెలర్ ఆ దారం వంక కాసేపు చూస్తూ ఉండిపోయింది. ఈ పిల్లని ఇంకెవరైనా చూస్తే బాగుండుననిపించింది. కానీ ఇంకెవరూ లేరు.

గదిలోకి వచ్చిన పిల్లలెవర్నైనా 'మీరు' అనడం ఆవిడ పెట్టుకున్న పద్ధతి. పెద్దవాళ్ళలా చూస్తే, పెద్దవాళ్ళకు చెప్పలేని మాటలు కూడా చెబుతారని ఆవిడ నమ్మకం. ఎవరొచ్చినా అంతే, ఈ గదిలో చుట్టాలూ పక్కాలూ లేరు. అదేపనిగా మోగుతున్న ఫోను కట్టేసి సొరుగులో పడేసింది.

"కూర్చోండి. ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు. మీ ఇంట్లో కూడా చెప్పను."

"మా అమ్మకి కూడానా?"

"మీ అమ్మకి కూడా."

పిల్ల కుర్చీ అంచున కూర్చుంది. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టింది. ఇంట్లో ఉండేది ఇద్దరేనట. అన్నం మాత్రం ఒక్కతే తింటుందట. మొదట్లో టీవీ ముందు కూర్చుని తినేది. తర్వాత అదీ విసుగొచ్చింది. ఇప్పుడు కంచం ముందు కూర్చుంటేనే ఏడుపొస్తోంది, ముద్ద గొంతు దిగడం లేదు. బడికి తెచ్చిన డబ్బా పక్కపిల్లలకు పంచేస్తోంది. వాళ్ళు మాత్రం లొట్టలేసుకుంటూ తింటున్నారట. ఆ మాట చెప్పి కొంచెం నవ్వింది.

కౌన్సెలర్ నవ్వలేదు.

"తిన్నావా అని అమ్మ అడగదా?"

"రోజూ అడుగుతుంది మేడమ్. నేను జవాబు చెప్పేలోపు ఇంకో పనిలో పడిపోతుంది."

అమ్మ చెడ్డదేం కాదని కూడా చెప్పింది. ఊళ్ళోవాళ్ళ కష్టాలన్నీ నెత్తిన వేసుకుని, ఒంట్లో ఓపికంతా బయటే వదిలేసి ఇంటికొస్తుందట. ఇక ఆ మనిషిని పట్టుకుని నా సంగతి కూడా విను అని ఎలా అంటాం అంది. ఆ వయసు పిల్ల అనాల్సిన మాట కాదది.

"ఆవిడ డబ్బా కూడా మూత తియ్యకుండానే ఇంటికొస్తుంది. కడిగేది నేనేగా, నాకు తెలుసు."

కౌన్సెలర్ తన సంచిని కాలితో బల్ల కిందికి నెట్టింది. ఇలాంటప్పుడు చెప్పాల్సిన మాటలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. పొద్దుటినుంచి చెబుతున్నవే. ఇప్పుడవి చెప్పాలంటే సిగ్గేసింది.

"ఇదంతా మీ అమ్మతోనే చెప్పొచ్చు కదండీ" అంది చివరికి.

పిల్ల గోడమీద పోస్టరు వంక చూసింది. అందులో ఒకమ్మాయి అలుపూ సొలుపూ లేకుండా నవ్వుతోంది. 'ఏదైనా చెప్పుకోండి, ఈ పావుగంట మీది' అని దాని కింద పెద్ద అక్షరాలున్నాయి. ఒక మూల అంటు ఊడి వేలాడుతోంది.

"ఇంట్లో ఆ పావుగంట దొరకదు మేడమ్" అంది. "ఇక్కడైతే ఎవరికైనా ఇస్తారని రాశారుగా."

బెల్లు మోగింది. పిల్ల లేచి సంచి భుజాన వేసుకుంది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"అమ్మకి చెప్పనన్నారు."

"చెప్పను."

తలుపు మూసుకున్నాక ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. హెడ్మాస్టరు తల లోపలికి పెట్టి, రాబోయే ఆరోగ్య వారోత్సవం గురించి ఇప్పుడే కూర్చుని ఒక్క మాట అనుకుంటే బాగుంటుందన్నాడు. ఆయన ఒక్క మాట అంటే ఎంతసేపో బడి మొత్తానికీ తెలుసు. రేపు చూద్దాం అంది ఆవిడ. ఉద్యోగంలో చేరాక ఎవరినైనా రేపు రమ్మనడం అదే మొదటిసారి. ఆయన తల వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో రెండు కంచాలు పెట్టి, ఊడిన స్వెటరు గుండీ కుట్టడానికి సూదీ దారం పక్కన ఉంచుకుని, గదిలో ఇచ్చిన మాట తప్పకుండా, ఏమీ ఎరగనట్టే "ఇవాళ బళ్ళో డబ్బా తిన్నావా తల్లీ" అని ఆవిడ తన కూతుర్ని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగింది.