చెవి తిన్న కరెంటు

మస్తానమ్మ మళ్లీ తన హోటల్లో దోసెల పెనం ముందే కళ్లు తిరిగి పడిపోయింది. ఆమెకు అమర్చిన మిషను గుండె ఒక కంపెనీది, మోకాలు ఇంకో కంపెనీది, చెవి మరో కంపెనీది. మూడింటికీ నడుముకున్న బ్యాటరీ ఒక్కటే. ఏ కంపెనీనడిగినా "మాది బాగానే ఉంది" అంటున్నారు.

ఒకదాని సిస్టమ్ మరొకదానితో మాట్లాడదు. కోడలు జ్యోత్స్న పట్టుబట్టి మూడింటిలోనూ పనిచేసే ప్రోగ్రాం రాసింది. ల్యాప్‌టాప్ నల్లటి తెర మీద అంకెలు పరుగెత్తాయి.

"అత్తా, దొంగ దొరికింది! గుండెకందాల్సిన కరెంటు నీ చెవే తినేస్తోంది. నువ్వు విన్నదల్లా కంపెనీకి మోసేస్తోంది."

"దీని దుంప తెగ!"

ఆ మాటలనూ చెవి మోసినట్టుంది. కాసేపట్లోనే చెవి కంపెనీ మనిషి హోటల్లోకి దూసుకొచ్చాడు.

"మా సిస్టమ్‌లోకి తొంగిచూడటం నేరం. ఆ ప్రోగ్రాం తీసేయండి. లేదంటే చెవి ఆపేస్తాం."

"నా ఒంట్లో ఏం జరుగుతుందో చూసుకోడానికి నీ పర్మిషనేందిరా? నువ్వు ఆపేదేంది, నేనే ఆపుతున్నా!"

మస్తానమ్మ చెవి వెనక స్విచ్ నొక్కేసింది. అతని నోరు ఇంకా ఆడుతూనే ఉంది. తెర మీద గుండెకందే కరెంటు అంకె చకచకా పైకి లేచింది.

ఆమె గరిటె పట్టుకుని దోసెల కోసం కూర్చున్న బేరాల వైపు తిరిగింది.

"ఎవరికెన్ని దోసెలో వేళ్లతో చూపించండయ్యా!"