నాలుగో మజిలీ

సూప్ పెద్దమ్మ పోయిన రోజున ఆ వీధిలో ఒక్క పొయ్యీ వెలగలేదు. మర్నాడు అన్నీ వెలిగాయి. ఆమె బండి నిలబడే చోటును మాత్రం అలాగే ఖాళీగా వదిలేశారు.

ఊరు చూడవచ్చినవాళ్ళను గుంపుగా నడిపిస్తూ, బండి బండి దగ్గరా ఆపి తినిపించే కంపెనీ ఒకటుంది. పెద్దమ్మ కూతురు అందులో గైడు. పరామర్శకు వచ్చిన కంపెనీ మేనేజరు గుమ్మంలో చెప్పులు విప్పుతూ చాలా బాధపడ్డాడు. వెళ్ళేటప్పుడు తొడుక్కుంటూ అసలు సంగతి చెప్పాడు. జనం వచ్చేదే ఆ సూప్ కోసం. అది లేని వీధికి ఇక ఎవరొస్తారు? వచ్చే శనివారం తానే వెంట నడిచి చూస్తాడు. గుంపు పలచగా ఉంటే ఈ నడకను కొత్త మాల్‌లోని ఫుడ్‌కోర్టుకు మార్చేస్తారు. అక్కడ ఏసీ ఉంది. ఈగలు లేవు.

కబురు వీధంతా పాకింది. గుంపులు ఆగిపోతే మిగిలిన బండ్లకూ బేరం ఉండదు. పెద్దమ్మ కూతురికి ఉద్యోగం ఉండదు. టీ బండాయన గ్లాసులు కడుగుతూ, "శనివారం ఇంకా రాలేదు కదమ్మా, చూద్దాం" అన్నాడు.

శనివారం సాయంత్రం గుంపు చిక్కగానే వచ్చింది. అంచు వెడల్పు టోపీ పెట్టుకున్న ఒకావిడ, మెడలో కెమెరా వేలాడేసుకున్న ఒకతను, చేతికర్రతో ఒక ముసలాయన, నల్లకళ్ళద్దాల అక్కచెల్లెళ్ళు, ఇంకా కొందరు. మేనేజరు తలలు లెక్కపెట్టుకుని కొంచెం చిన్నబోయాడు. ఫుడ్‌కోర్టు వాళ్ళకు అప్పటికే మాటిచ్చేశాడు కాబోలు.

మొదటి మజిలీ చేపల బండి. కంపెనీ ప్రతి బండికీ ఒక ఘనచరిత్ర రాయించింది. గైడు దాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పాలి. ఈ బండాయన ముత్తాత రాజుగారి వంటశాలకు పెద్దవంటవాడనీ, ఈ వేపుడు రహస్యం ఆ వంశంలో మగవాళ్ళకు తప్ప తెలియదనీ ఆమె చెప్పింది.

టోపీ ఆవిడకు పొలమారింది.

"మగవాళ్ళకు తప్పా?" అంది తేరుకుని.

"అలాగే చెబుతారండీ."

"మరి వీళ్ళింట్లో ఆడవాళ్ళు పొద్దుటినుంచీ ఏం చేస్తుంటారో?"

బండాయన తలెత్తలేదు. మూకుట్లో ముక్కలు తిప్పుతూనే ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పొయ్యి సెగ అనుకున్నాడు మేనేజరు. ఆవిడ ముక్క కొరికి, లోపలికి ఉప్పు పట్టలేదని తీర్పు చెప్పింది. ఇలాంటి నాలుక ఉన్న మనిషి తమ కంపెనీకి రావడం చూసి మేనేజరు మురిసిపోయాడు.

మొక్కజొన్న బండి దగ్గర కెమెరా అతను వంగి, మోకాలి మీద కూర్చుని, పక్కకు వాలి ఫొటోలు తీశాడు. కాసేపు చూసి మేనేజరే వెళ్ళి కెమెరా మూత తీసిపెట్టాడు. కొత్త మోడలండీ, అన్నాడతను. తర్వాత నిప్పుల మీది కంకిని వట్టి వేళ్ళతో అందుకుని తినేశాడు. ఊదుకోనైనా లేదు. ఊరు చూడవచ్చేవాళ్ళలో ఈ మధ్య సాహసం పెరిగిందని మేనేజరు పక్కవాళ్ళతో అన్నాడు.

టీ బండాయన అందరికీ టీ ఇచ్చాడు. ముసలాయనకు మాత్రం అడక్కుండానే చక్కెర లేని గ్లాసు ఇచ్చాడు.

"ఒక్క చెంచా వేయరాదూ" అని ముసలాయన గొణిగాడు.

బండాయన వినిపించుకోలేదు. వచ్చినవాళ్ళ ఒంటి సంగతి మొహం చూసి పసిగట్టడం సామాన్యం కాదని మేనేజరు మెచ్చుకున్నాడు. దాన్ని కూడా ఆ బండి చరిత్రలో చేర్చమన్నాడు.

నాలుగో మజిలీలో ఏమీ లేదు. గోడ మీద పొగచార, నేల మీద చక్రాలు ఒరుసుకున్న గుర్తులు. కంపెనీ ఈ చోటుకు ఇంకా చరిత్ర రాయించలేదు. గైడు అలవాటుకొద్దీ ఆగింది. గుంపూ ఆగింది.

"ఇక్కడ మా అమ్మ సూప్ అమ్మేది" అంది. "ఆఖరి గిన్నె ఎవరికీ అమ్మేది కాదు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటారేమోనని ఉంచేది. ఎవరూ రాకపోతే నేను తాగేదాన్ని."

అంతకుమించి ఆమె చెప్పలేకపోయింది. టోపీ ఆవిడ టోపీ తీసి చేత్తో పట్టుకుంది. అక్కచెల్లెళ్ళు కళ్ళద్దాలు తీయకుండానే కిందనుంచి వేళ్ళు పోనిచ్చి తుడుచుకున్నారు. కెమెరా అతను ఇప్పుడు ఒక్క ఫొటో కూడా తీయలేదు.

"వేడిగా ఉండేదా అమ్మా?" అన్నాడు ముసలాయన.

"నోరు కాలిపోయేదండీ."

ఎవరో నవ్వి, వెంటనే మొహం అటు తిప్పుకున్నారు.

మేనేజరు ఆ మొహాలన్నీ పరిశీలనగా చూశాడు. గైడును పక్కకు పిలిచాడు. ఫుడ్‌కోర్టు ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెడుతున్నానన్నాడు. మిగతా మూడు బండ్లకంటే ఈ మజిలీయే బాగుందన్నాడు. పైగా సరుకు ఖర్చు లేదు.

"ప్రతివారం ఇలాగే చెయ్యమ్మా. 'నేను తాగేదాన్ని' అన్నావు చూడు, సరిగ్గా అక్కడే గొంతు ఆగాలి."

"అలాగే సార్" అంది ఆమె.

అతని కారు మలుపు తిరిగాక, టోపీ ఆవిడ చేపల బండి వెనక్కి వెళ్ళి మొగుడి చేతిలో గరిటె లాక్కుంది, కెమెరా అతను తన అన్నగారి మొక్కజొన్న పొయ్యిలో ఎప్పటిలాగే బొగ్గులు సర్దాడు, టీ బండాయన తన ముసలి తండ్రికి చెయ్యి అందించి ఇంటికి నడిపించాడు, మిగిలినవాళ్ళూ తమ తమ ఇంటి బండ్ల దగ్గర అంట్లు తోమడానికి కూర్చున్నారు, పెద్దమ్మ పోయాక ఈ నడకకు బయటి మనిషి ఒక్కరైనా రావడం మాత్రం ఇంకా జరగలేదు.