ఎనభై నాలుగో పేజీ

"ఈ వాక్యం పక్కన బ్రాకెట్లో నవలా రచయిత పేరుంది, సంవత్సరం ఉంది. పేజీ నంబరేదమ్మా? పెళ్లికి రమ్మని ఊరి పేరు చెప్పనట్టుంది!" అంటూ గైడు అధ్యాయాన్ని బల్ల మీదికి విసిరేశాడు.

పరిశోధక విద్యార్థిని చెదిరిన కాగితాలు ఏరుకుంది. "నవలలో ఆ వాక్యం కనబడలేదు సార్. మీ థీసిస్‌లోంచి ఎత్తి రాశాను."

"అందులో ఎనభై నాలుగని వేశాను కదా?"

"ఎనభై నాలుగో పేజీలో వర్షం పడుతోంది సార్. అంతే."

"అయితే నీది వేరే ముద్రణ. వెతుకు. రేపు సాయంత్రం గడువు. నంబరు లేకపోతే నా సంతకం లేదు."

ఆమె లైబ్రరీలో మూడు ముద్రణలూ ముందేసుకుని కళ్లు మండేదాకా చదివింది. 'తలుపు మూసినవాడే మొదటి ఖైదీ' అన్న వాక్యం ఎక్కడా లేదు. ఆ నవల మీద వచ్చిన మరో ఆరు థీసిస్‌లు తిరగేసింది. ఆరింటిలోనూ వాక్యం ఉంది, పక్కనే బ్రాకెట్లో 84 ఉంది. అన్నీ గైడుగారి దాంట్లోంచి దించినవేనని అర్థమై ఒళ్లు మండింది. మూడేళ్ల చాకిరీ ఒక్క అంకె దగ్గర ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే పుస్తకం పట్టుకుని నేరుగా రచయిత ఇంటికే వెళ్లింది. డెబ్బై దాటిన ఆ పెద్దాయన పైపుతో మొక్కలకు నీళ్లు పెడుతూ వాక్యం విన్నాడు.

"నేను రాయలేదమ్మాయ్."

"ఖాయమేనా అండీ? బాగా గుర్తుచేసుకోండి."

"నా పిల్లని నేను గుర్తుపట్టనా? ఇది నా బిడ్డ కాదు. నా వాక్యాలకి ఇంత తీరైన ముక్కు ఎక్కడిది?"

ఆమె పుస్తకం టప్పున మూసింది. "అయితే ఆ మాటే రాసేస్తానండీ. ఈ వాక్యం నవలలోనే లేదు, అందరూ ఒకళ్లని చూసి ఒకళ్లు దించేశారు అని. సంతకం పోతే పోయింది!"

పైపు ఆయన చేతిలోంచి జారి ఇద్దరి కాళ్లూ తడిపింది. తడిచేత్తోనే పుస్తకం లాక్కుని, ఎనభై నాలుగో పేజీ తీసి, అడుగున ఖాళీలో ఆ వాక్యాన్ని పొందిగ్గా రాశాడు. కింద సంతకం కూడా గీశాడు.

"ఇప్పుడుంది. వేసుకో నంబరు."

"మీది కాని వాక్యం కోసం మీకెందుకండీ ఇంత తాపత్రయం?"

ఆయన వీధి వైపు ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"మెల్లిగా మాట్లాడు తల్లీ! నాకు అవార్డిచ్చిందే ఆ వాక్యానికి."