పండుగ పూట ఒక్క ముక్క

"ఆ పొట్లం ఇటివ్వండి హానీ నాన్నా! చేపా లేదు, గీపా లేదు!"

మందుల షాపు గుమ్మంలోనే విదాద్ మొగుడు షుక్రీ చేతిలోంచి పొట్లం లాక్కుంది. ఈజిప్టులోని దమన్‌హూర్ ఊరంతా వసంతం పండుగకి ఉప్పులో మాగిన ఫసీఖ్ చేప తింటోంది. అది నోట పడకపోతే పండుగెలా అవుతుంది? షుక్రీకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఏడాదిగా నువ్వు పెట్టిన గడ్డీ గాదం నోరెత్తకుండా తిన్నాను. ఈ పూటకి ఒక్క ముక్క!"

"డాక్టరమ్మ బీపీ చూసి సరేనంటే తినండి. లేదంటే ఇది పక్కింటి పిల్లికి."

షాపు నడిపే నెర్మీన్‌ని వీధంతా డాక్టరమ్మనే పిలుస్తుంది. ఆమె షుక్రీ జబ్బకి పట్టీ చుట్టి గాలి కొట్టింది. షుక్రీ ఊపిరి బిగబట్టాడు.

"నూట ముప్ఫై. భేషుగ్గా ఉంది బాబాయ్! చిన్న ముక్కయితే నేను అడ్డు చెప్పను."

షుక్రీ మీసం దువ్వి, పొట్లం తిరిగి లాక్కున్నాడు. విదాద్‌కీ గర్వంగానే ఉంది.

"మరేమనుకున్నావమ్మాయ్! కూరలో చిటికెడు ఉప్పు వేస్తే ఒట్టు. ఉప్పటి పాత చీజు, ఊరగాయ ఈయన కంట పడనిస్తేనా!" అంటూనే తూలి, బల్ల పట్టుకుంది.

"ఏమైంది పిన్నీ?"

"ఏం లేదు, బీపీ పడిపోయినట్టుంది. తల తిరిగిందంటే అదే కదా! నిమ్మకాయ ఊరగాయ నమిలితే సర్దుకుంటుంది. రోజూ ఉండే భాగోతమే."

"రోజూనా? ఎప్పుడైనా చూపించుకున్నారా?"

"నాకెందుకు? జబ్బు ఈయనకి కదా!"

నెర్మీన్ ఆమెని కూర్చోబెట్టి పట్టీ చుట్టింది. ముల్లు చూసింది. గాలి తీసేసి మళ్లీ కొట్టింది.

"మిషన్ పాడైందా ఏంటి?" పొట్లం వాసన చూస్తూ నవ్వాడు షుక్రీ.

నెర్మీన్ నవ్వలేదు. "ఇంట్లో ఆ చీజూ ఊరగాయలూ ఏం చేస్తున్నారు పిన్నీ?"

"పారేస్తే పాపం కాదూ? ఈయన చెయ్యి పెట్టకముందే గబగబా నేనే తినేస్తా."

షుక్రీ పొట్లం బల్ల మీద పెట్టేశాడు.

"మిషన్ బాగానే ఉంది. ముందు టాక్సీ పిలవండి బాబాయ్" అంది నెర్మీన్ మెల్లగా. "రెండు వందల పది. మీరు మానేసిన ఉప్పంతా పిన్నే తిన్నది."