కప్పు కింద చోటు

మేస్త్రీ తాడు చేతికి చుట్టుకున్నాడు.

"మేడమ్, ఇక లోపలికెళ్లండి. మీరు నిలబడితే లాగేస్తాం."

ఆ ఇంటి కప్పుకు బొమ్మ గీసింది ఆమే.

ఈ వింత కప్పులు వేసే పనివాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. కాంక్రీటు గట్టిపడేదాకా కప్పును మోసే సెంట్రింగ్ కర్రలు లాగేసే రోజున, బొమ్మ గీసిన మనిషి కప్పు కింద నట్టనడుమ ఉండాలి. లేకపోతే ఒక్క కర్ర కూడా కదలదు.

ఇప్పుడు కడుతున్నది సెలవుల్లో వచ్చి నాలుగు రోజులుండి పోయే ఇల్లు. ఇంటాయనకు ఎక్కడా లేనిది కావాలి. ఆమె ఆ రూపాన్ని జామెట్రీలోంచి తీసింది. రెండు పుల్లల మధ్య వరసగా దారాలు కట్టి, ఒక పుల్లను మెలితిప్పి చూపించింది. దారాలన్నీ తిన్ననివే. మొత్తం చూస్తే మాత్రం గుర్రపు జీనులా వంపు.

"ఇదే మీ కప్పు" అంది. ఇంటాయన చప్పట్లు కొట్టాడు.

పనివాళ్లు దానికి 'ఎగిరిపోయిన తువ్వాలు' అని పేరు పెట్టారు.

కప్పుకు అడుగున కొట్టిన పలకలు నిన్ననే ఊడదీశారు. అంచుల వెంట కర్రలే మిగిలాయి. ఇంటాయన కారు ఇవాళ చాలా దూరంలో, మూతి రోడ్డువైపు తిప్పి ఉంది.

ఆమె లోపలికి నడిచింది.

నట్టనడుమ ఇసుకలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పక్కన చేతిసంచి.

"ఎవరండీ మీరు? లేవండి, లేవండి!"

"ఎండన పడి వచ్చాను తల్లీ. కాసేపు నీడపట్టున కూర్చోనీ."

"నీడకి ఇదే దొరికిందా? ఇది మీద పడితే పచ్చడే!"

"పడుతుందా?"

"పడదు."

"మరి మాటిమాటికీ పైకెందుకు చూస్తున్నావు?"

ఆమె చూపు దించుకుంది. ముక్కూ మొహం తెలియని మనిషి కావడం వల్లనేమో, లోపలున్నది బయటికొచ్చేసింది.

"ఇలాంటిదే ఒకటి ఇదివరకు కూలింది మామ్మగారూ. కాలేజీలో ఫొటో చూపించారు. గీసినతను దాని కిందే ఉండిపోయాడు. అంచులు పలచగా గీశాడు. అంతమాత్రం చూసుకోలేదు, తెలివితక్కువవాడు."

ముసలమ్మ అరచేత్తో ఇసుక చదును చేసింది.

"భయపడ్డాడా?"

"ఎవరు?"

"ఆ నిలబడినతను."

"ఏమో. మాకది చెప్పలేదు."

ఫోన్ మోగింది. ఆమె చూసి జేబులో పెట్టేసింది.

"ఎవరు తల్లీ?"

"మా అమ్మ. ఇప్పుడు మాట్లాడితే గొంతును బట్టి కనిపెట్టేస్తుంది."

"ఎత్తకపోతే ఇంకా కనిపెట్టేస్తుంది. బయటికెళ్లి మాట్లాడిరా. నీ చోటు ఎవరూ ఎత్తుకుపోరులే, నేను కూర్చుంటా."

ఆమెకు బయటికి వెళ్లడానికి ఒక వంక దొరికింది. ఇసుకకుప్ప దాటి వెళ్లి ఫోన్ ఎత్తింది.

"తిన్నావా?" అంది అమ్మ.

"ఆఁ."

"గొంతేంటి అలా ఉంది?"

"దుమ్మమ్మా."

వెనకనుంచి కేక. "లాగండ్రా!"

ఆమె గిరుక్కున తిరిగింది. తాళ్లు బిగిశాయి. కర్రలు టపటపా ఒరిగిపోయాయి. కప్పు ఒక్కసారి మూలిగింది. తెల్లటి దుమ్ము లేచి అంతా కప్పేసింది.

"ఆపండి! లోపల మనిషుంది!"

ఆ మాట ఆమెకే వినపడలేదు. ఫోన్లో అమ్మ "ఏంటే ఆ చప్పుడు? ఏంటే?" అంటూనే ఉంది.

దుమ్ము మెల్లగా దిగింది.

కప్పు అలాగే ఉంది.

దాని కిందనుంచి ముసలమ్మ తల దులుపుకుంటూ బయటికొచ్చింది.

"బాగుంది తల్లీ ఇల్లు. అంచులు దళసరిగా పెట్టావు."

ఆమె భయమంతా కోపమై పైకొచ్చింది.

"బుద్ధుందా మీకు? చావడానికి నా ఇల్లే దొరికిందా? నడవండి ముందు! మళ్లీ ఈ చుట్టుపక్కల కనబడ్డారో..."

ముసలమ్మ సంచి భుజానికి తగిలించుకుని రోడ్డువైపు వెళ్లిపోయింది.

ఆమె మేస్త్రీ మీద పడింది.

"నేను లేకుండా ఎలా లాగావు? మీ ఆనవాయితీ ఏమైంది?"

మేస్త్రీ తాడు చుట్టుకుంటూ అన్నాడు. "ఇలాంటి కప్పు ఎక్కడ విప్పుతున్నా మేస్త్రీలం ఆవిడకి కబురు పెడతాం మేడమ్. గీసినవాళ్ల బదులు ఆవిడే వచ్చి కూర్చుంటుంది. గీసినవాళ్లని ఏదో వంక పెట్టి బయటికి పంపేస్తుంది."

"ఏం, భయం లేదా ఆవిడకి?"

మేస్త్రీ లోపలికి చూపించాడు.

ముసలమ్మ కూర్చున్న చోట, రెండువైపులా, ఇసుకలో వేళ్లు దిగబడి లోతుగా చాళ్లు పడి ఉన్నాయి.

"ప్రతిసారీ అంతే మేడమ్."

ఆమె రోడ్డువైపు పరుగెత్తింది. ముసలమ్మ ఎక్కిన బస్సు అప్పటికే కదిలిపోయింది.

ఆయాసపడుతూ వెనక్కొచ్చి అడిగింది. "ఎవరు మేస్త్రీ ఆవిడ?"

"ఇలాంటివాటిలో మొట్టమొదట కూలిన కప్పు లేదూ, దాని కింద నిలబడింది ఆవిడ కొడుకు."