వెనక బరువు

వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ట్రాక్టరు మాత్రం జానెడు కూడా కదల్లేదు.

ఆర్మస్ బండి దిగి టైరును ఒక్క తన్ను తన్నాడు. పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

కొండదారిలో మనుషులున్న ఆఖరి ఇల్లు అతనిది. ఇంట్లో భార్య ఇర్యాకు నెలలు నిండాయి. మోకాలిలోతు మంచులో ఎక్కడం తనవల్ల కాదనీ, దారి తెరిస్తేనే వస్తాననీ డాక్టరు ముందే చెప్పేశాడు.

అది డెబ్బై తొమ్మిది జనవరి. ఇప్పుడైతే పెద్ద యంత్రాలొచ్చి కొండంతా నున్నగా గీకేసి పోతున్నాయి. అప్పట్లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం పైకొసన, మా రాగిగనుల సీమలో, ఎవరి దారిలో మంచు వాళ్ళే తోసుకునేవాళ్ళు. ట్రాక్టర్ల పొగ, తడిసిన ఉన్నికోట్ల వాసన, సైమీ కొట్లో పొయ్యి చుట్టూ చేరి ఎవరి బండి ఎక్కడ కూరుకుపోయిందో చెప్పుకుని పడీపడీ నవ్వడం... కష్టమే గానీ, తలుచుకుంటే ఇప్పటికీ మనసు అటే లాగుతుంది.

"వెనక బరువు లేదబ్బాయ్!"

ఆర్మస్ తిరిగి చూశాడు. దారి పక్కన ఓ ముసలాయన. ఊరికి కొత్త. కాళ్ళకి పట్నం బూట్లు.

ఫిన్లండు నుంచి వలసొచ్చిన మా వాళ్ళలో అడగందే సలహా చెప్పడమంటే తిట్టినట్టే. ఆర్మస్‌కి ఒళ్ళు మండింది.

"ఉందిగా బరువు, కనబడట్లా?" అంటూ ముందు బ్లేడు మీద కట్టిన ఇసుక బస్తాలు చూపించాడు.

"అది ముందుంది."

"మంచు తోసేది ముందేగా పెద్దాయనా!"

"మంచును తోసేది బ్లేడు. బండిని తోసేది వెనక చక్రాలు. వాటిమీద బరువు లేకపోతే అవి నేలనెట్టా పట్టుకుంటాయ్?"

"మా నాన్న హ్యూగో ఇదే బండితో ముప్పై ఏళ్ళు తోశాడు. నువ్వొచ్చి నాకు నేర్పుతావా?"

ముసలాయన ముఖం ఒక్క క్షణం మారింది.

"ఇంట్లో ఎవరున్నారు?" అని మాత్రం అడిగాడు.

"నా భార్య. ఇవాళో రేపో కాన్పు."

"అయితే నాతో పోట్లాట తర్వాత పెట్టుకో. ముందా కట్లు విప్పు."

ట్రాక్టరును కిందికి దింపారు.

"టైర్లలో ఏముంది?"

"గాలి. ఇంకేముంటుంది?"

"ముప్పాతిక వంతు నీళ్ళు పొయ్యాలి."

"బాగుంది! గడ్డకట్టి చస్తాయి."

"ఉత్త నీళ్ళయితే చస్తాయి. వేసవిలో మట్టిరోడ్ల మీద దుమ్ము లేవకుండా ఓ ఉప్పు చల్లుతారే, అది కలుపు. చావవు."

పంపుతో ఉప్పునీళ్ళు ఎక్కించారు. వెనక ఓ చెక్కపెట్టె బిగించి గనిరాళ్ళు నింపారు. టైర్లకి గొలుసులు చుట్టాక ముసలాయన బండిని పదడుగులు నడిపించి, ఆపించి, మళ్ళీ బిగించాడు.

"మొదటి బిగింపును నమ్మకబ్బాయ్. కదిలితేగానీ ఎక్కడ వదులో తెలీదు."

"ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావ్ తాతా?"

"ఆలస్యంగా," అన్నాడాయన.

ఈసారి ట్రాక్టరు ఎక్కడా జారలేదు. మంచును రెండువైపులా చీల్చుకుంటూ గుమ్మం దాకా ఎక్కేసింది. ఆర్మస్ చిన్నపిల్లాడిలా కేకపెట్టాడు.

ఇర్యా ఏలకుల రొట్టె కోసి కాఫీ పోసింది. మూడో కప్పు అయ్యేదాకా కొత్తమనిషిని ఊరూపేరూ అడగడం మా దగ్గర మర్యాద కాదు. ముసలాయన రెండో కప్పు తాగి లేచాడు.

"ఇంకో రెండొందల గజాలు పైకి తోస్తావా అబ్బాయ్?"

"పైనేముంది తాతా, పాడుబడ్డ ఇల్లు తప్ప? మనుషుల్లేని ఇంటికి దారెందుకు? పొద్దు కూడా వాలింది."

"నిజమేలే," అన్నాడాయన. కిటికీలోంచి పైకి ఓసారి చూసి, టోపీ పెట్టుకుని కొండ దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నమే నొప్పులొచ్చాయి. డాక్టరు కారు ఎక్కడా ఆగకుండా కొండెక్కింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

ఫిబ్రవరిలో పాప బాప్తిస్మం పెట్టుకున్నారు. ఆర్మస్ సైమీ కొట్టుకు వెళ్ళాడు. ఊరి ఉత్తరాలన్నీ ఆమె చేతిమీదుగానే పోతాయి.

"అత్తా, ఆ రోజు నాకు గొలుసులు బిగించిన ముసలాయనెవరో తెలుసా? పాపకి జ్ఞానతండ్రిగా ఆయన్నే పిలవాలని ఉంది."

సైమీ జున్ను కోస్తున్న కత్తి పక్కన పెట్టింది.

"ఎమిల్ రా. డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలో చేసేవాడు. జబ్బు ముదిరాక, కడసారి తన ఇల్లు చూసుకుందామని వచ్చాడు. పోయిన మంగళవారం పోయాడట. నిన్ననే ఉత్తరం వచ్చింది."

"ఇల్లా? ఇక్కడెక్కడ?"

"నీ ఇంటికి పైన. ఆ పాడుబడ్డదే."

రెండొందల గజాలు. పావుగంట పని. ఆర్మస్ సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"దారి తోయమని అడిగిన రోజే ఆయన ఆ ముక్క నాతో అనొచ్చుగా అత్తా!"

"నువ్వు హ్యూగో కొడుకువని తెలిశాక ఎట్టా అంటాడ్రా? నన్ను కూడా నోరెత్తొద్దని ఒట్టేయించుకుని బస్సెక్కాడు."

"మా నాన్నకేం సంబంధం?"

సైమీ పొయ్యిలోకి ఓ కట్టె తోసింది.

"నువ్వు పుట్టకముందు ఓ చలికాలం, డాక్టర్ని ఎక్కించుకుని మీ నాన్న ట్రాక్టరు ఆ కొండ ఎక్కలేక కిందే ఆగిపోతే, పైన పురిటినొప్పులతో ప్రాణం విడిచింది ఎమిల్ పెళ్ళామేరా."